ఉన్నవి ఉన్నట్టుగా

జనవరి 9

నానమ్మా,

ఫోను నీ చెవికి గిట్టదు, నా అరుపులు మా పక్కగది వాళ్ళకి గిట్టవు. అందుకని నువ్వన్నట్టే ఉత్తరం రాస్తున్నాను. "అసలు నువ్వు చేసే పనేమిటే?" అని పోయినసారి అడిగావు. నువ్వు సైన్సు టీచరువి కాబట్టి తప్పించుకోలేను.

ఆకుల మీదా మట్టిలోనూ బతికే ఒక రకం బాక్టీరియా ఉంది. దానికి కొన్ని లోహాలు లేకపోతే గడవదు. కానీ మట్టిలో అవి ఉండేది వెతికినా కనపడనంత. అందుకని అది ఒక చిన్న అణువుని తయారుచేసి బయటికి వదులుతుంది. ఆ అణువు వెళ్ళి, ఎన్ని లోహాలున్నా కావలసినదాన్నే పట్టుకుని తెస్తుంది. మేము దాన్ని చూసి, దాని పోలికతో ఇంకో అణువుని చేశాం. నియోడిమియం అనీ డిస్ప్రోసియం అనీ రేర్ ఎర్త్ లోహాలున్నాయి చూడు, పాత కంప్యూటర్లలోనూ మోటార్లలోనూ ఉండే మాగ్నెట్లలో అవే ఉంటాయి. వాటికోసం ఇప్పుడు కొండలు తవ్వుతున్నారు, తవ్విన మట్టిని యాసిడ్‌తో కడిగి ఆ నీళ్ళని చెరువుల్లో వదులుతున్నారు. అదే లోహం చెత్తకుప్పల్లో బోలెడంత పడి ఉంది. మా అణువు దాన్ని ఘాటు యాసిడ్ల గొడవ లేకుండా ఏరి ఇస్తుంది.

చిక్కేమిటంటే ఇప్పటిదాకా మేము సీసాల్లో కొన్న శుభ్రమైన రసాయనాలతోనే పరీక్ష చేశాం. ఇక అసలు తుక్కు కావాలి. బాబాయ్ తుక్కు షెడ్డులో పాత హార్డ్ డిస్కులవీ, మోటార్లవీ, స్పీకర్లవీ మాగ్నెట్లుంటాయి కదా, ఓ సంచెడు పంపించమను. ఏమీ శ్రమపడొద్దని చెప్పు. ఉన్నవి ఉన్నట్టుగా పంపితే చాలు.

నీ గోరింక


జనవరి 21

గోరింకా,

ఇక్కడ అందరం ఉన్నాం. బాగున్నామా అన్నది వేరే ప్రశ్న, దానికి వేరే మార్కులు.

నీ బాక్టీరియా కథ బాగుంది. కావలసినదేదో తెలుసుకుని, బయటికి వెళ్ళి, అదొక్కటే పట్టుకుని తిన్నగా ఇంటికి రావడం! నేను కన్న ఇద్దరు కొడుకులకీ అబ్బని గుణం కంటికి కనపడని పురుగుకి అబ్బింది. మీ నాన్నని ఉప్పు తెమ్మంటే గొడుగు తెస్తాడు. మీ బాబాయ్ ఏమీ తీసుకురాడు, అసలు షెడ్డులోంచి ఇంటికే రాడు.

వాడి సంగతి నీకు రాయాలనే ఉంది. పాత కంప్యూటర్ బోర్డుల మీద పూతగా ఉండే బంగారం కోసం వాడు ఆ టబ్బుల్లో యాసిడ్ పోసి ఉడికిస్తాడు చూడు, గోధుమరంగు పొగ లేస్తుంది, అది ఇన్నాళ్ళకి వాడి గొంతులో కాపురం పెట్టింది. ఈ మధ్య మెట్లెక్కితే ఈల వినిపిస్తోంది. పాట పాడుతున్నాడేమోనని మొదట మురిసిపోయాను. డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. ఆయన ఎక్స్‌రే వెలుతుర్లో పెట్టి చూసి, "ఏం పని చేస్తారండీ?" అన్నాడు. వీడు చెప్పాడు. "ఆ పని మానేస్తారా, ఊపిరి మానేస్తారా?" అన్నాడు ఆయన. నాకా డాక్టరు నచ్చాడు. వీడికి నచ్చలేదు. "మానేసి ఏం చెయ్యనమ్మా, బంగారం వచ్చేది దాంట్లోనేగా, మాగ్నెట్లని ఇనప తుక్కులో కలిపి అమ్మితే టీ ఖర్చులకి కూడా చాలదు" అన్నాడు.

అందుకని నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. "అంటే ఈ మాగ్నెట్లకి కూడా విలువ వస్తుందన్నమాట, యాసిడ్ లేకుండా" అన్నాడు. వాడి మొహం అలా విప్పారడం వాడు పదో తరగతి పాసైనప్పుడు చూశాను, మళ్ళీ ఇదే.

శ్రమపడొద్దని రాశావు. శ్రమపడొద్దని చెప్పేది మొహమాటస్తులే, అంత మాత్రం తెలియదా మాకు! జిడ్డూ మురికీ అంటించుకుని ఆ సంచి మీ ల్యాబు పెద్దసారు ముందు తెరుచుకుంటే పిల్లకి తలవంపులు కాదా అని నేనే అన్నాను. వాడు వారంరోజులు వేరే పని ముట్టలేదు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరాడు. నల్లగా ఉండేవి వేరే జాతివని పక్కన పడేశాడు. అంటుకుని ఉన్న అల్యూమినియం రేకులు పట్టకారుతో పీకాడు. పట్టు వదలకపోతే పెనం మీద వేడి చెయ్యరా, అయస్కాంతం గుణం చచ్చి ఊడొస్తుందని సలహా ఇచ్చాను. నా పెనం ఇక వంటకి పనికిరాదు. పైన వెండిలా మెరిసే పూతని కూడా ఉల్లిపొర తీసినట్టు బ్లేడుతో తీశాడు. బడికి పంపే పిల్లకి తల దువ్వినట్టు ఒక్కో ముక్కనీ తుడిచి మూట కట్టాడు. పార్సిల్ నిన్న వెళ్ళింది. అందగానే జవాబు రాయి.

పెనం పోగొట్టుకున్న
నానమ్మ


మార్చి 2

నా బంగారు నానమ్మా,

పనిచేసింది! బాబాయ్ పంపిన తుక్కుతో మొదటిసారే పనిచేసింది!

సంచి వచ్చినప్పుడు నేను ఊళ్ళో లేను, ఒక సమావేశానికి వెళ్ళాను. వచ్చేసరికి మా ల్యాబువాళ్ళు దాన్ని పిండి చేసి, వేయించి, ద్రావణం కూడా తీసి ఉంచారు. ఇనుముని ముందే పక్కకి తప్పించడం మాకు తెలుసు. మిగతాదాంట్లో మా అణువుని వదిలాం. నియోడిమియాన్ని పట్టింది, ఇంచుమించు మొత్తం! నిజమైన చెత్తతో ఇలా రావడం మా పెద్దసారు కూడా ఎప్పుడూ చూడలేదట. ఆయన కుర్చీలోంచి లేచి నాకు చెయ్యిచ్చాడు. ఆయన కుర్చీలోంచి లేవడమే ఒక వార్త.

నీ ఉత్తరం మావాళ్ళకి చదివి వినిపించాను, పడీ పడీ నవ్వారు. బాబాయ్ ఉల్లిపొరలు తీశాడా! నీ మాటల్లో ఉప్పు కారం తీసేస్తే నిజం చిటికెడు మిగులుతుందని అమ్మ ఊరికే అనలేదు.

అసలు విషయం విను. ఒక కంపెనీ ముందుకొచ్చింది. పెద్ద ఫ్యాక్టరీ కాదు, చిన్న చిన్న యూనిట్లు, తుక్కు ఎక్కడ చేరుతుందో అక్కడే పెడతారు. ఒక గది, నాలుగు తొట్లు, ఘాటు యాసిడ్ లేదు, పొగ లేదు. బాబాయ్ లాంటి వాళ్ళ షెడ్లలోనే పెట్టాలని నేను పట్టుబట్టాను. మొదటి పేరు బాబాయ్‌దే, నా చేత్తో నేనే రాశాను. జూన్‌లో పెద్ద పరీక్ష ఒకటుంది, అది లాంఛనమే. ఆ టబ్బులు ఇక మానేయమను నానమ్మా. నా మాటగా చెప్పు.

ఎగురుతున్న
గోరింక


మార్చి 15

ఎగిరే పిట్టకి,

కాస్త దిగి ఇది చదువు. నేను ఇన్నేళ్ళుగా బతిమాలాను, తిట్టాను, అన్నం మానేశాను. ఆ టబ్బులు కదల్లేదు. నువ్వు "నా మాటగా చెప్పు" అని ఒక్క ముక్క రాస్తే వాడు మర్నాడే ఖాళీ చేశాడు. నాకు సంతోషంగానే ఉంది గానీ కాస్త కుళ్ళుగా కూడా ఉంది. రెండూ రాస్తున్నాను, ఏది కావాలంటే అది పుచ్చుకో.

యాసిడ్‌ని కాలవలో పొయ్యకురా అని నేను పక్కనే నిలబడి సున్నం కలిపించాను. బుసబుస పొంగింది. ఉద్యోగం మానేశాక మళ్ళీ ప్రాక్టికల్ క్లాసు తీసుకున్నట్టుంది. బోర్డులు తెచ్చి ఇచ్చేవాళ్ళని పక్క వీధి షెడ్డుకి పంపించేశాడు. కిటికీలు కడిగాడు. కడిగితే వాటికి అద్దాలున్నాయని తెలిసింది.

దగ్గు తగ్గింది. ఈల కూడా. పొద్దున్నే నా పక్కన కూర్చుని పేపరు గట్టిగా చదువుతున్నాడు, నా చెవి కోసం. మధ్యలో ఆగకుండా ఒక వార్త మొత్తం చదివాడు. ఆ వార్త ఏమిటో నేను వినలేదు.

నీ పెద్దసారుని కుర్చీలోంచి మరోసారి లేపు.

నానమ్మ


ఏప్రిల్ 18

నానమ్మా,

పెద్ద పరీక్షకి ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఈసారి ఒక్క సంచి కాదు, చాలా షెడ్ల నుంచి లారీల మీద వస్తుంది.

నాన్న ఫోను చేశాడు. బస్సు డిపోలో స్టోరుకీపరు పని ఖాళీ వచ్చిందని, బాబాయ్‌కి ఇప్పించడానికి నాన్న ఎవరెవరినో పట్టుకున్నాడట. నీడపట్టున కూర్చుని చేసే పని. బాబాయ్ వద్దన్నాడట! నాన్న బాగా నొచ్చుకున్నాడు. నువ్వు నాకు ఒక్కమాట కూడా రాయలేదు. అన్న ఇప్పించిన ఉద్యోగం చేస్తే చిన్నతనమా? బాబాయ్‌కి ఇంత అభిమానం పనికిరాదు. డాక్టరు అంత చెప్పాక కూడా అన్నదమ్ముల పంతాలేమిటి? ఆ పని చేసుకుంటూ యూనిట్ కూడా చూసుకోవచ్చు కదా. నువ్వైనా గట్టిగా చెప్పు.

గోరింక


ఏప్రిల్ 30

డాక్టరమ్మ గారికి,

అభిమానమా! వాడికి అభిమానముంటే ఈ వయసులో నాచేత తిట్లు తింటూ నా ఇంట్లో ఎందుకుంటాడు?

వాడు రాయొద్దన్నాడు, అందుకే రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. మీ నాన్న వచ్చి చెప్పినప్పుడు వాడన్న మాటలు ఇవి: "వద్దన్నయ్యా. పిల్ల నా పేరు మొదట రాసింది. రేపు మిషను తీసుకొచ్చి తలుపు కొడితే, ఆయన డిపోలో బోల్టులు లెక్కపెడుతున్నాడండీ అని అమ్మ చెప్పాలా? పిల్ల పరువేం కాను?" మీ నాన్న, "అది జూన్ తరవాత సంగతి కదరా, ముందు ఇది పట్టుకో" అన్నాడు. వీడు, "పట్టుకుని మళ్ళీ వదిలేస్తే నీ మాట పోతుంది" అన్నాడు. ఒకడికి నీ పరువు, ఒకడికి వాడి మాట. ఇద్దరూ నా ముందే కాఫీ చల్లార్చుకున్నారు.

ఇంతకీ ఆ పని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. కాబట్టి నువ్వు గట్టిగా చెప్పమన్నది నాకే చెప్పుకుంటాను.

నొచ్చుకోకు. నిన్ను అనడం లేదు. ఎవరినో ఒకరిని అనకపోతే నాకు తిన్నదరగదు.

నానమ్మ


జూన్ 24

నానమ్మా,

పని ఎక్కువగా ఉంది. ఎండలు బాగా ఉన్నాయి. నీ ఆరోగ్యం జాగ్రత్త. బాబాయ్‌ని అడిగానని చెప్పు. తీరిగ్గా రాస్తాను.

గోరింక


జూలై 6

గోరింకా,

నీ ఉత్తరం చదవడానికి పట్టిన సమయం కంటే కవరు చింపడానికి పట్టిన సమయం ఎక్కువ. ఎండలు బాగా ఉన్నాయట! ఎండల గురించి రాసే ఆడపిల్ల దేని గురించో రాయడం లేదన్నమాట. ఎవడైనా దొరికాడా? దొరికితే దాచకు. వాడికి మన భాష వచ్చా రాదా అన్నది నాకు పట్టదు. వినే ఓపిక ఉంటే చాలు, మాట్లాడటానికి మన ఇంట్లో నువ్వూ నేనూ ఉన్నాం.

మీ బాబాయ్ షెడ్డుకి వెల్ల వేశాడు. తొట్లు పెట్టడానికి గట్టు కట్టిస్తున్నాడు. ఎంత ఎత్తు ఉండాలో రాయమంటున్నాడు. నడుముదాకా ఉంటే వంగక్కర్లేదు కదా అని వాడి ఆలోచన. నాలుగు నెలలుగా రాగితీగ అమ్మి లాక్కొస్తున్నాడు. చాలడం లేదు, అలాగని చెప్పడు. పోస్ట్‌మ్యాన్ సైకిలు బెల్లు వినపడితే చాలు, నాకంటే ముందు గుమ్మంలో ఉంటున్నాడు. కంపెనీ ఉత్తరం వస్తుందని.

గట్టు ఎత్తు రాయి. అబ్బాయి ఎత్తు కూడా రాయి.

నానమ్మ


జూలై 19

నానమ్మా,

అబ్బాయి లేడు. పరీక్ష పోయింది.

జూన్ మొదట్లోనే పోయింది. నీకు రాయడానికి చెయ్యి రాలేదు. లారీల్లో వచ్చిన తుక్కంతా కలిపి పిండి చేశాం. అందులో మాగ్నెట్లతోపాటు వాటి రేకులూ, పూతలూ, జిగురూ అన్నీ ఉన్నాయి. మా అణువు నియోడిమియం జోలికే పోలేదు. అల్యూమినియాన్ని పట్టుకుని కూర్చుంది. ఎన్నిసార్లు చేసినా అంతే. కంపెనీవాళ్ళు వారం చూసి, మర్యాదగా టీ తాగి, వెళ్ళిపోయారు. యూనిట్లు లేవు. పేర్లూ లేవు.

మార్చిలో వచ్చింది జూన్‌లో ఎందుకు రాలేదో నెల్లాళ్ళు తల బద్దలుకొట్టుకున్నాను. నిన్న పాత పెట్టె అడుగున బాబాయ్ పంపిన ముక్క ఒకటి దొరికింది, మరలో పడకుండా మిగిలిపోయింది. మైక్రోస్కోపు కింద పెట్టాను. దానిమీద బ్లేడు గీతలున్నాయి. నీ జనవరి ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. అంతా నిజమే! రేకులు పీకడం, పూత తియ్యడం, నల్లవి ఏరెయ్యడం. నువ్వు ఉన్నదే రాశావు. జీవితంలో ఒక్కసారి అతిశయోక్తి లేకుండా రాశావు, అదీ అప్పుడే.

ఉన్నవి ఉన్నట్టుగా అని రాశాను నానమ్మా. అందులో అర్థంకానిది ఏముంది? మురికి కోసమే అడిగాను, ఆ మురికే నా పరీక్ష. మీరు దాన్ని కడిగేసి పంపారు. నా రెండేళ్ళ పని, మావాళ్ళ పని, పెద్దసారు పేరు, అన్నీ ఆ బ్లేడుతో గీకేశారు. బాబాయ్‌కి తెలియదనుకుందాం. నువ్వు సైన్సు చెప్పినదానివి కదా! మీ ప్రేమ నన్ను పదిమందిలో నవ్వులపాలు చేసింది.

గట్టు కట్టించొద్దని చెప్పు.

—


ఆగస్టు 4

అమ్మలూ,

నీ ఉత్తరం వచ్చిన రోజున నా కళ్ళజోడు కాడ విరిగి, బాగుచేయించడానికి ఇచ్చి ఉంది. కాబట్టి మీ బాబాయే చదివాడు, నాకు వినపడేలా, గట్టిగా. నేను "ఆపరా" అన్నాను. ఆపలేదు. వాడి పేరున్న చోట కూడా ఆపలేదు. చివరిదాకా చదివి, మడతపెట్టి, "అల్యూమినియం అంత పని చేస్తుందని నాకేం తెలుసమ్మా" అన్నాడు. అంతే. తాపీమేస్త్రీ బయట ఇసక జల్లిస్తున్నాడు, వెళ్ళి పంపించేశాడు.

నిన్ను తప్పుపట్టను. నువ్వు రాసింది తెలుగే, నాకు వచ్చిన భాషే. కుప్పలోంచి నమూనా తియ్యాలంటే ఎంచకూడదు, చేతికి వచ్చింది తియ్యాలి అని నల్లబల్ల మీద రాయించి, రాయని వాణ్ణి బెంచీ ఎక్కించినదాన్ని. తీరా మనవరాలు అడిగేసరికి నేను సైన్సు టీచర్ని కాను, నానమ్మని. నువ్వు నమూనా అడిగావు, మేము కానుక పంపాం. నీ మాటని మొహమాటం అనుకున్నాను నేను. నా మాటని వేళాకోళం అనుకున్నావు నువ్వు. ఒకే ఇంటి నోళ్ళు మనవి. ఎదుటివాళ్ళు చెప్పినదానికంటే ఎక్కువ అర్థమైపోతుంది మనకి.

వాడి చేత ఆ పని చేయించింది నేను. తిట్టాలంటే వేరే కవరులో, నా పేరు మీద రాయి.

షెడ్డు మళ్ళీ తెరిచాడు. మేము గడుపుకుంటాం, నువ్వు పని చూసుకో.

నానమ్మ


సెప్టెంబరు 14

నానమ్మా,

ఆ ఉత్తరాన్ని బాబాయ్ చదివాడని తెలిసినప్పటినుంచి నాకు నిద్ర లేదు. రాసిన రోజునే చింపేయాల్సింది. కోపం అంతా నామీద నాకే. మార్చిలో మా కొలతల్లో అల్యూమినియం లేదని చూసి సంతోషించాం. ఎందుకు లేదని ఒక్కరం కూడా అడగలేదు. నువ్వు రాసి చెప్పినదాన్ని నవ్వుకోవడానికి వాడుకున్నాను. మీ ప్రేమ నన్నేం చెయ్యలేదు, నా తొందర చేసింది.

మంచిమాట ఒకటి తెచ్చాను. పెద్దసారుకి అంతా చెప్పేశాను, నీ జనవరి ఉత్తరం కూడా చదివి వినిపించాను, ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన, "మరి అలా విడదీసే పంపమందాం, అందులో తప్పేముంది?" అన్నాడు. అణువు ఒక్కటే అన్నీ చెయ్యాలని మాది అత్యాశ. వేడిచేసి, రేకులు తీసి, జాతులు వేరుచేసి ఇస్తే దానికి తిరుగులేదు. ఇంకో చిన్న సంస్థ ఒప్పుకుంది. కొన్ని షెడ్లవాళ్ళకి ఆ పని నేర్పాలి. నేర్పేది బాబాయ్. నెలజీతం మీద. యాసిడ్ లేదు, పొగ లేదు, గాలి వచ్చే గది.

రమ్మని చెప్పు నానమ్మా. లేదా నేనే వచ్చి కాళ్ళ మీద పడి తీసుకొస్తాను. సెలవు అడిగాను. వచ్చే నెలాఖరుకి అక్కడుంటాను. బాబాయ్ నాతో మాట్లాడతాడా? అదొక్కటి రాయి.

గోరింక


అక్టోబరు 10

గోరింకా,

ఇది చదివేటప్పుడు కూర్చుని ఉండు.

షెడ్డు తెరిచాడని రాశాను. ఏం చెయ్యడానికి తెరిచాడో రాయలేదు. నువ్వు తల్లడిల్లుతావని. పాత బోర్డులవాళ్ళు అప్పటికే పక్క వీధికి అలవాటు పడ్డారు. వాళ్ళని రప్పించడానికి ఇంకా ఎక్కువ బోర్డులు, ఇంకా తక్కువ కూలికి ఒప్పుకున్నాడు. టబ్బులు మళ్ళీ నిండాయి. ఎదురుగా కొత్తగా ఒక కుట్టుపని బడి పెట్టారు. పొగ వస్తోందని ఆ ఆడపిల్లలు వచ్చి చెబితే, "అయ్యో, మీరు చదువుకునే పిల్లలు" అని కిటికీలు మూసేశాడు. కడిగి మెరిపించాడు చూడు, ఆ కిటికీలే. మూసుకుని లోపల పనిచేశాడు. ఆ పొగ గుణం ఏమిటంటే పీల్చినప్పుడు ఏమీ తెలియదట. ఇంటికొచ్చి, స్నానం చేసి, నాతో కూర్చుని అన్నం తిని, నా మీద ఒక జోకు కూడా వేశాడు. తరవాత ఊపిరి అందలేదు.

నీ మంచి ఉత్తరం మేము ఆస్పత్రిలో ఉండగా ఇంటికొచ్చింది. మీ నాన్న తెచ్చి ఇచ్చాడు. మీ నాన్న రోజూ వస్తున్నాడు, తమ్ముడి మంచం పక్కన కూర్చుని డిపో కబుర్లు చెబుతున్నాడు. ఉప్పు తెమ్మంటే ఇప్పుడు ఉప్పే తెస్తున్నాడు. నీకు ఫోను చెయ్యొద్దని నేనే అన్నాను. ఈ వార్త నా చేతిరాతలో అందాలనుకున్నాను.

ప్రాణానికి భయం లేదు. ఇంటికి తెచ్చుకున్నాం. కానీ ఊపిరితిత్తుల్లో కాలిపోయినచోట మళ్ళీ మొలవదట. గది దాటితే ఆయాసం, నాలుగు మాటలాడినా ఆయాసం. దుమ్ములోకి, షెడ్డులోకి ఇక లేదు. నీ గాలి వచ్చే గదిలోకి కూడా లేదు. మాగ్నెట్లు గీకితే లేచేది దుమ్మే కదా. చెప్పింది అదే డాక్టరు. ఆయన ఈసారి నాకు నచ్చలేదు. షెడ్డుని కుట్టుబడివాళ్ళు అద్దెకి తీసుకున్నారు. ఆ వెల్ల వాళ్ళకి బాగా నచ్చింది.

నీ ఉత్తరం వాడికి చదివి వినిపించాను. రెండుసార్లు చదవమని సైగ చేశాడు. నేర్పే పని అన్నచోట నవ్వాడు. ఆ మర్నాటినుంచి, పూటకి ఒక ముక్క చొప్పున చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. ఎంత వేడి, పెనం మీద ఎంతసేపు, పట్టకారు ఏ మూల పెట్టాలి, గుచ్చుకోకుండా బ్లేడు ఎటు తిప్పాలి. అడుగున నల్లటి మాగ్నెట్‌కీ తెల్లటిదానికీ బొమ్మలు కూడా వేయించాడు. నా బొమ్మ చూసి తల పట్టుకున్నాడు. ఆ కాగితాలు ఇందులో పెడుతున్నాను. మీవాళ్ళకి ఇవ్వు. అందులో ఒక్క మాట కూడా నా పైత్యం లేదు, కాబట్టి మొత్తం చదవండి.

వాడు నీతో మాట్లాడతాడా అని అడిగావు. నీ మీద కోపం వాడికి ఆ రోజూ లేదు, ఇప్పుడూ లేదు. అది నాకంటే నీకే బాగా తెలుసు.

రా. వచ్చాక మాత్రం నేను చెప్పినట్టు చెయ్యి. వాడి పక్కన కూర్చో. నీ అణువు కబుర్లు చెప్పు, నీ పెద్దసారు కుర్చీ కబుర్లు చెప్పు, అడ్డూ ఆపూ లేకుండా నువ్వే మాట్లాడు, జవాబు కోసం ఆగకు. క్షమించమని మాత్రం అడగకు తల్లీ. అడిగితే వాడు "పర్లేదమ్మా" అనకుండా ఊరుకోడు. ఆ ఒక్క మాట అని మళ్ళీ తేరుకోవడానికి వాడికి ఎంతసేపు పడుతుందో నేను చూశాను.

నానమ్మ